నెమలి ఈకా, టర్కీ ఈకా? ఇంట్లో బాణాలు చేసుకునేవాళ్ళకి ఎంపిక సలహా

"మా ఇంట్లో నెమలి ఈకల కట్ట ఉందండీ, బాణాలకి వాడొచ్చా?" విల్లు కొత్తగా పట్టినవాళ్ళు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. వద్దంటాను. చట్టం సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ ఈకని వేళ్ళ మధ్య పెట్టి చూడండి. కన్నున్న పొడుగాటి నెమలి ఈకకి రెండు పక్కలా ఉండే పోగులు విడివిడిగా వేలాడుతుంటాయి. ఒకదాన్నొకటి పట్టుకోవు, ఊదితే చెదిరిపోతాయి. ఇప్పుడు టర్కీ కోడిదో, నాటు కోడి పుంజుదో రెక్క ఈక ఒకటి తీసుకుని మధ్యలో గోటితో చీల్చండి. చీలిన చోట రెండు వేళ్ళతో కింది నుంచి పైకి నిమిరితే జిప్పు వేసినట్టు మళ్ళీ అతుక్కుంటుంది. పోగు పోగుకీ కంటికి ఆనని చిన్న కొక్కేలు ఉంటాయి, అవి పక్క పోగుని పట్టుకుంటాయి. బాణం వెనక గాలిని పట్టి ఆపేది ఆ పట్టే. అది లేని ఈక బాణానికి కుచ్చు మాత్రమే.

బాణం వెనక ఈక కట్టిన భాగాన్ని పుంఖం అంటారు. 'వార్తలు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి' అని రోజూ అనుకునే మాటలో ఉన్నది ఈ ఈకల కట్టే. ఒక బాణం పుంఖాన్ని తాకుతూ ఇంకో బాణం అన్నంత వరసగా అని అర్థం. ఆ మాటలో ఉన్న వరస మన బాణాలకి రావాలంటే పన్నెండు బాణాలూ ఒకేలా ఎగరాలి. నా సలహా మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. ఏ రకం ఈక, ఏ రకం పుల్ల అని తేల్చుకోలేకపోతున్నప్పుడు, పన్నెండు ఒకేలా దొరికేది ఏదో చూసి అది తీసుకోండి. గొప్ప రకంవి మూడు, మామూలువి తొమ్మిది కలిపిన సెట్టు కన్నా అన్నీ మామూలువైన సెట్టే మెరుగు.

అసలు ఈకలు అవసరమా?

ఇది మీ విల్లుని బట్టి ఉంటుంది. వెదురు విల్లు, లాంగ్‌బో (పొడుగాటి సంప్రదాయ విల్లు), లేదా చెక్క గట్టు మీదే బాణం ఆనించి వదిలే రికర్వ్ (కొసలు ముందుకి వంపు తిరిగిన విల్లు) అయితే ఈకలే కావాలి. నారి వదిలాక బాణం విల్లుకి రాసుకుంటూ వెళ్తుంది. ఈక ఆ రాపిడికి ఒరిగి, విల్లు దాటగానే మళ్ళీ నిక్కబొడుచుకుంటుంది. ప్లాస్టిక్ వేన్, అంటే ఈక బదులు అతికించే పలచటి రెక్క, అలా ఒరగదు. గట్టుకి తగిలి తన్నినట్టు అవుతుంది, బాణం తోక పక్కకి ఎగిరిపోతుంది. మీ విల్లుకి రెస్టూ (బాణం ఆనే చిన్న ఆధారం) ప్లంజరూ (బాణాన్ని పక్క నుంచి ఆపే స్ప్రింగు మీట) బిగించి ఉంటే ఆ గొడవ లేదు. అప్పుడు వేన్లు వాడుకోండి, వానకి భయపడక్కర్లేదు. అలాంటి విల్లుకి ముచ్చట కోసం ఈకలు పెట్టుకుంటానంటే నేనేమీ అనను.

పోటీల్లో దిగాలనుకునేవాళ్ళు నియమాలు ముందే చూసుకోవాలి. వరల్డ్ ఆర్చరీ ఫీల్డ్, 3డి పోటీల్లో (ఆరుబయట గురి పలకలకీ, జంతువుల బొమ్మలకీ కొట్టేవి) లాంగ్‌బో విభాగానికి చెక్క బాణం, సహజమైన ఈకలు తప్పనిసరి. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుతో ఆడే విభాగం ఉంది. చాలామంది పిల్లలు దానితోనే మొదలుపెడతారు. మా విజయవాడ పిల్లలు కాంపౌండ్ (కప్పీలున్న విల్లు), రికర్వ్‌లో దేశానికి పతకాలు తెస్తున్నారు గానీ వాళ్ళ చేతుల్లో ఉండేవి కార్బన్ బాణాలు. ఆ లెక్క వేరు. టీవీలో వాళ్ళ బాణాలు చూసి వెదురు విల్లుకి సలహాలు తీసుకోకండి.

ముందు పుల్ల

ఈకల మీద మోజుతో అందరూ దీన్ని వెనక్కి నెట్టేస్తారు. నేనూ నెట్టాను. నిజానికి ఈక సర్దగలిగేది కొంతే. పుల్ల మీ విల్లుకి మరీ గట్టిదో మరీ మెత్తదో అయితే ఎన్ని అంగుళాల ఈక కట్టినా బాణం పక్కకే పోతుంది. కుడి చేత్తో నారి లాగేవాళ్ళకి గట్టి పుల్ల ఎడమకి, మెత్త పుల్ల కుడికి కొడుతుంది. ఆ గట్టితనాన్నే స్పైన్ అంటారు.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు, మెషీన్ కొనక్కర్లేదు. రెండు మేకుల మధ్య సరిగ్గా 26 అంగుళాలు, అంటే 66 సెంటీమీటర్ల దూరం పెట్టి పుల్లని వాటి మీద ఆనించండి. మధ్యలో 2 పౌండ్ల బరువు, అంటే 907 గ్రాములు వేలాడదీయండి. లీటరు నీళ్ళ సీసాలో నీళ్ళు కొద్దిగా తగ్గిస్తూ, వంటింటి కాటాలో సీసాతో కలిపి 907 వచ్చేలా చూసుకుంటే సరిపోతుంది. పుల్ల ఎంత కిందికి దిగిందో వెనక స్కేలు పెట్టి చూడండి. 26ని ఆ దిగుడు అంగుళాలతో భాగిస్తే పౌండ్లలో స్పైన్ వస్తుంది. నేను మిల్లీమీటర్లలో గోడ మీద రాసిపెట్టుకున్న లెక్క ఇది: 22 మి.మీ. దిగితే దాదాపు 30 పౌండ్లు, 19 అయితే 35, 16.5 అయితే 40, 14.7 అయితే 45, 13.2 అయితే 50. 28 అంగుళాల లాగుడు, మామూలు బరువు ములికి (బాణం మొన) ఉంటే మీ విల్లు పౌండ్లకి, అంటే నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలానికి, దగ్గర్లో ఉన్న పుల్లలు ఏరుకోండి. ములికి బరువు పెరిగినా, బాణం పొడుగు పెరిగినా పుల్ల మెత్తబడినట్టు ప్రవర్తిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ఏ పుల్ల? మనకి దొరికేవి నాలుగు రకాలు.

సాధన వెదురు, అదే తెలంగాణ వైపు కంక అనేది, నాకు ఎక్కువ ఇష్టం. లోపల దాదాపు నిండుగా ఉండి గట్టిగా ఉంటుంది. దెబ్బకి తట్టుకుంటుంది, వంగినా మంట మీద మళ్ళీ సరిచేయొచ్చు. తంటా ఏమిటంటే ఏ రెండు పుల్లలూ ఒకలా ఉండవు. నలభై పుల్లలు తెచ్చి కొలిస్తే పన్నెండు ఒకదానికొకటి 5 పౌండ్ల లోపు తేడాలో కుదరడం గగనం. మూడేళ్ళు ముదిరిన బొంగు, వానలు పూర్తిగా వెళ్ళాక నరికింది కావాలి. వానాకాలంలో నరికిన పచ్చి వెదురులో పిండి పదార్థం ఎక్కువ, పుచ్చు పురుగు దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. నరికాక నీడలో కొన్ని నెలలు ఆరబెట్టాలి. ఎండలో పెడితే చీలుతుంది. కణుపుల దగ్గర పొంగిన భాగాన్ని ఆకురాయితో దించి, కొవ్వొత్తి మంట మీద తిప్పుతూ వేడెక్కించి, మోకాలికి గుడ్డ కట్టుకుని దాని మీద ఒత్తుతూ తిన్నగా చేయాలి. ఒక పుల్లకి అరగంట పడుతుంది. అదే కణుపు దగ్గర రెండోసారి, మూడోసారి కూడా వంకర తిరిగి వస్తుంది. ఓపిక లేనివాళ్ళకి ఇది పని కాదు.

సెడార్, స్ప్రూస్, పైన్ లాంటి చెక్క పుల్లలు విదేశాల నుంచి వస్తాయి. బాణాల కోసమే గుండ్రంగా తీసి, స్పైన్ కొలిచి, జతలు చేసి అమ్ముతారు. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్‌ది పాత పేరు, వాసన కూడా బాగుంటుంది. 5/16 అంగుళం, 11/32 అంగుళం మందాల్లో ఎక్కువగా ఉంటాయి. తేలికపాటి విల్లుకి మొదటిది, 40 దాటితే రెండోది. ఖర్చు ఎక్కువే, రాతికి తగిలితే విరిగిపోతాయి, కానీ డజనుకి డజను ఒకేలా ఉంటాయి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మన వాళ్ళు వెదురు కోసం ఊరంతా వెతక్కుండా ఇవే తీసుకోవడం మేలు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే గుండ్రటి చెక్క కడ్డీలు మూడోది. చవక. నేను మొదట కొన్నవి ఇవే. ఇరవై కొంటే పనికొచ్చినవి నాలుగు. చెక్క పీచు కడ్డీ పొడుగునా సాగాలి, వీటిల్లో చాలావాటికి అది ఏటవాలుగా వెళ్ళి పక్కకి తేలిపోతుంది. ఆ తేలిన చోటే విరుగుతుంది. నారి వదిలిన క్షణంలో విరిగితే ఆ పెచ్చు విల్లు పట్టుకున్న చేతిలో దిగుతుంది. కొనేటప్పుడే ఒక్కొక్కటి కంటి దగ్గర పెట్టుకుని పీచు గీతలు చివరిదాకా సాగుతున్నాయా చూడండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

రెల్లు జాతి కాడలు నాలుగోది. శరం అన్న మాటకి ఒక అర్థం రెల్లు, ఇంకో అర్థం బాణం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బాణాల రకాలు చెప్పేచోట వెదురు తర్వాత వచ్చేది శరమే. చాలా తేలిక, వేగంగా వెళ్తుంది. కానీ ముందు భాగంలో గట్టి చెక్క ముక్క దిగ్గొట్టి దారం చుట్టకపోతే ములికి దగ్గర నలిగిపోతుంది. మొదటి సెట్టుకి వద్దు.

బరువు సంగతి ఒక్క మాట. సంప్రదాయ విల్లుకి పౌండుకి 8 నుంచి 10 గ్రెయిన్ల బాణం బరువు ఉండాలి. 40 పౌండ్ల విల్లు అయితే 320 నుంచి 400 గ్రెయిన్లు, అంటే 21 నుంచి 26 గ్రాములు. అంతకన్నా బాగా తేలికైన బాణం వేస్తే ఉత్త నారి లాగి వదిలినట్టే, విల్లే దెబ్బ తింటుంది.

ఇప్పుడు ఈక

టర్కీ రెక్క ఈక ఎందుకు ఇంతమంది వాడతారంటే పొడుగు, బిగువు, దొరకడం మూడూ దానికి కుదిరాయి. 5 అంగుళాల ముక్క తేలిగ్గా వస్తుంది. తడిస్తే కూలబడుతుంది, అదొక్కటే లోపం. మన దగ్గర టర్కీ కోళ్ళు పెంచేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. కోసే రోజు ముందే చెప్పి ఉంచితే రెక్కలు విడిగా తీసిపెడతారు. లేకపోతే రంగులద్ది, ఆకారం కత్తిరించి రెడీగా అమ్మే ఈకలు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు.

గూస్ ఈకకి నా మార్కులు టర్కీ కన్నా కొంచెం ఎక్కువ. గూస్ అంటే ఇంటికి కాపలాగా పెంచే, కొత్త మనిషి కనిపిస్తే మెడ చాపి మీదికొచ్చే పెద్ద బాతు. నీటి పక్షి కాబట్టి ఈకలో జిడ్డు ఉంటుంది, మంచుకీ జల్లుకీ అంత తొందరగా లొంగదు. ఇంగ్లండ్ లాంగ్‌బో కాలమంతా దీని మీదే నడిచింది. 1415లో అజిన్‌కోర్ యుద్ధం గెలిచిన ఐదో హెన్రీ, 1417లో జిల్లా అధికారులకి ప్రతి గూస్ నుంచి ఆరేసి రెక్క ఈకలు సేకరించి పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆరే ఎందుకో మీరే ఒక రెక్క విప్పి చూస్తే తెలుస్తుంది. పెద్ద ఈకలు పది దాకా ఉన్నా చివరివి మరీ సన్నం, లోపలివి మరీ మెత్తన. బాణానికి నిజంగా పనికొచ్చేవి రెక్కకి కొన్నే. మనకి గూస్‌తో ఇబ్బంది కూడా అక్కడే. ఊళ్ళో ఒకరింట్లో రెండు పక్షులుంటే డజను బాణాలకి ఈకలు రావు.

లెక్క వేసి చూడండి. బాణానికి మూడు చొప్పున డజనుకి 36 ముక్కలు, అన్నీ ఒకే వైపు రెక్కవి. ఒక టర్కీ కుడి రెక్కలో మంచి ఈకలు ఆరు వచ్చాయనుకుంటే ఆరు కోళ్ళు కావాలి. ఎడమ రెక్కలతో ఇంకో డజను అవుతుంది. కోళ్ళ ఫారం వాళ్ళతో పరిచయం లేనివాళ్ళకి ఆన్‌లైన్ ఈకలే నయం అని నేననడానికి కారణం ఈ లెక్కే.

నాటు కోడి పుంజు రెక్క ఈకలు 25, 30 పౌండ్ల విల్లుకి, 3 అంగుళాల ముక్కలకి పర్వాలేదు. మాంసం కొట్టు దగ్గర ఊరికే వస్తాయి. చేయి తిరగడానికి, జిగురుతో ప్రయోగాలు చేయడానికి వీటిని మించింది లేదు. ఫారం కోడి ఈకలు మరీ లేత, వదిలేయండి. మామూలు బాతు ఈక గట్టిదే గానీ పొట్టి.

చట్టం సంగతికి వస్తే, నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. రాలిన తోక ఈకలకి దేశంలో మినహాయింపు ఉంది, విదేశాలకి పంపడం మాత్రం నిషేధం. ఆ తోక ఈక బాణానికి ఎందుకు పనికిరాదో మొదట్లోనే చూశాం. బాణానికి పనికొచ్చే నెమలి రెక్క ఈకకి ఆ మినహాయింపు లేదు. గద్ద, డేగ, రాబందు ఈకలు కూడా అంతే. పాత కావ్యాల్లో బాణాన్ని కంకపత్రం (కంకం అనే పక్షి ఈక ఉన్నది) అన్నారు, రాబందు ఈకలు కట్టిన బాణాల మాట భారతంలో ఉంది. అవి చదువుకోవడానికి, ఇప్పుడు చేయడానికి కాదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త. మా తమ్ముడు డల్లాస్‌లో పార్కు చెరువు గట్టున కెనడా గూస్ ఈకలు సంచీ నిండా ఏరి ఫొటో పెట్టాడు. అక్కడ 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం అలాంటి పక్షుల ఈకలు నేల మీద దొరికినవి దగ్గర పెట్టుకున్నా తప్పే. కొంపదీసి బాణాలు చేయకు, ఎక్కడివి అక్కడ వదిలేసి రా అని చెప్పాను. పెంపుడు టర్కీ ఈకలకి అక్కడ ఏ అడ్డూ లేదు, షాపుల్లో నిండుగా ఉంటాయి.

కుడి రెక్క, ఎడమ రెక్క

నా మొదటి సెట్టు ఎనిమిది బాణాలు. పుల్లలు బాగానే కుదిరాయి, ఈకలు బాగానే అతికాయి. 15 మీటర్ల నుంచి వేస్తే చాటంత మేర చెదిరాయి. ఒకటి పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళింది. నారి మార్చాను, ములికి మార్చాను. వారం తర్వాత ఒక పెద్దాయన బాణం చేతిలోకి తీసుకుని వెనక నుంచి చూసి, "బాబూ, రెండు ఈకలు ఇటు తిప్పమంటున్నాయి, ఒకటి అటు తిప్పమంటోంది, పాపం అదేం చేస్తుంది?" అన్నాడు.

రెక్క ఈకకి సహజంగా ఒక వంపు ఉంటుంది. కుడి రెక్క ఈకలు కట్టిన బాణం వేసేవాడి వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది, ఎడమ రెక్కవి కట్టింది దానికి ఎదురు తిరుగుతుంది. రెంటిలో ఏది మేలు అని గంటల తరబడి వాదించుకునేవాళ్ళని చూశాను. నాకైతే తేడా కనిపించలేదు. ఒకే బాణం మీద రెండూ కలపకూడదు, అంతే. ఒకే సెట్టులో కూడా కలపకపోతే మంచిది. జపాన్ వాళ్ళ విలువిద్య క్యూదోలో బాణాలు జతగా వాడతారు. మొదట వేసేదానికి ఒక వైపు ఈకలు, రెండోదానికి ఇంకో వైపువి. పక్షికి రెండు రెక్కలున్నాయి కాబట్టి రెండూ వాడుకున్నట్టవుతుంది.

గుర్తు పట్టడం ఇలా: ఈక మెరిసే పై వైపు మీకు కనపడేలా, మొన పైకి పెట్టి పట్టుకోండి. నడి ఈనెకి ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా ఉంటుంది. సన్న పక్క మీ ఎడమ చేతి వైపు ఉంటే అది కుడి రెక్క ఈక. మీ కుడి చేతి వైపు ఉంటే ఎడమ రెక్కది. బాణానికి వాడేది వెడల్పు పక్క. నేను ఈకలు తేగానే రెండు పాత పేపర్లలో విడివిడిగా చుట్టి పెన్నుతో రాసేస్తాను. కత్తిరించి ముక్కలు చేశాక గుర్తు పట్టడం కష్టం.

అరగదీయాలా, ఒలవాలా?

ఈకని నడి ఈనె వెంబడి బ్లేడుతో నిలువునా చీల్చి, అడుగు భాగాన్ని గరుకు కాగితం మీద ఒక మిల్లీమీటరు మందం మిగిలేదాకా అరగదీయడం ఒక పద్ధతి. ఈక నిటారుగా నిలబడుతుంది, జిగ్‌లో (ఈకని సరైన చోట పట్టి ఉంచే బిగింపు) బిగించి కొంచెం ఏటవాలుగా అతికించుకోవచ్చు. రెండో పద్ధతిలో ఈనె పై పొరని మొన దగ్గర పట్టుకుని పోగులతో సహా ఒలిచేస్తారు, అరటి నార తీసినట్టు. పల్చగా వస్తుంది, వెదురు ఎగుడుదిగుడులకి చక్కగా ఒదుగుతుంది. కానీ చేయి కుదిరేదాకా పదిలో నాలుగు చినుగుతాయి. చెక్క పుల్ల, జిగ్, జిగురు అయితే అరగదీసినది. వెదురు పుల్ల, దారం చుట్టు అయితే ఒలిచినది.

పొడుగు విషయంలో 4 అంగుళాలు చాలు. 5 అంగుళాల ఈకలు ముఖ్యంగా వేట ములికుల కోసం వచ్చినవి. మన దేశంలో వేట ఎలాగూ నిషేధం, గురి పలకకి కొట్టే మొద్దు ములికికి అంత ఈక అనవసరంగా వేగం తినేస్తుంది. అయితే చేయి ఇంకా కుదరనివాళ్ళకి 5 పెట్టమంటాను, వదలడంలో తప్పులు కొంత కప్పుతుంది. ఆకారాల్లో వెనక గుండ్రంగా తేలేది, వెనక నిలువుగా తెగి డాలులా ఉండేది అని రెండు ముఖ్యం. డాలు ఆకారం కొంచెం ఎక్కువ చప్పుడు చేస్తుంది. చూడ్డానికి అదే బాగుంటుంది. మీ ఇష్టం. రంగు మాత్రం గడ్డిలో కనపడేది పెట్టుకోండి. గోధుమరంగు చారల ఈకలు ఎంత అందంగా ఉన్నా, తప్పిన బాణం కోసం సాయంత్రం మసక వెలుగులో పొలం గట్ల మీద వెతికేటప్పుడు పసుపు ఈక విలువ తెలుస్తుంది.

పెరడు చిన్నది, పిల్లలు ఆడుకుంటారు అంటే ఫ్లూ-ఫ్లూ అనే రకం చేయండి. ఈక ఎత్తు కత్తిరించకుండా ఆరు ఈకలు పెట్టేస్తే బాణం కొంత దూరం మామూలుగా వెళ్ళి, ఆ తర్వాత వేగం తగ్గి పడిపోతుంది.

జిగురా, దారమా?

సూపర్ గ్లూ క్షణంలో పట్టుకుంటుంది. కదిపే వ్యవధి ఇవ్వదు. రెండోసారి నా చూపుడు వేలూ ఈకా పుల్లా ముగ్గురం ఒకటయ్యాం. వేడి నీళ్ళలో చాలాసేపు నానబెట్టాక గానీ విడిపోలేదు. కొత్తవాళ్ళకి బాణాల కోసమే అమ్మే నిదానంగా ఆరే జిగురు మంచిది. వడ్రంగం తెల్ల జిగురు సరిచేసుకునే వ్యవధి బాగా ఇస్తుంది, కానీ తడికి వదిలేస్తుంది, పైన వార్నిష్ పూయాలి. పాత వడ్రంగులు వజ్రం అనే తోలు జిగురు కాచి వాడేవాళ్ళు. గట్టిదే, అయితే అదీ తడికి లొంగుతుంది, పైగా పురుగుకి ఇష్టం. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లిష్ యుద్ధ నౌక మేరీ రోజ్‌లో వేల బాణాలు దొరికాయి. ఈకలు అతికించిన చోట తేనెమైనంలో రాగి చిలుము కలిపి పూశారు, పైన పట్టు దారం చుట్టారు. చిలుము ఈకలు తినే పురుగుల్ని రానివ్వదు.

నా పద్ధతి రెండూ కలిపింది. జిగురుతో అతికించి, ఆరాక ముందు కొసకీ వెనక కొసకీ సన్న దారం పదేసి చుట్లు బిగించి, దాని మీద చుక్క జిగురు. విల్లు పట్టిన చేతి మీదే బాణం ఆనించి వేసేవాళ్ళకి ముందు కొస చుట్టు తప్పనిసరి. అక్కడ ఈనె కొస లేచి ఉంటే బాణం వెళ్తూ వెళ్తూ చూపుడు వేలి కణుపు మీద బ్లేడులా గీస్తుంది. నాకు ఆ మచ్చ ఉంది.

ఈకలు గాడికి (బాణం వెనక నారి దూరే చీలికకి) అంగుళం పైచిలుకు ముందుగా మొదలవ్వాలి, లేకపోతే వేళ్ళకి అడ్డం. మూడింట్లో ఒకటి గాడికి అడ్డంగా, విల్లుకి అవతలి వైపు చూడాలి. గాడి సంగతి చెప్పాలంటే, కొనే ప్లాస్టిక్ నాక్‌లు (గాడి ఉన్న తొడుగులు) చెక్క పుల్లకి తేలిక, చెక్కి అతికించడమే. వెదురుకి పుల్లలోనే గాడి కోస్తే ఖర్చు లేదు. కణుపుకి కొంచెం వెనకగా కోయండి, చీలిక కణుపు దగ్గర ఆగుతుంది, దాని కింద దారం చుట్టండి. చెక్కలో కోసేటప్పుడు గాడి పెరుగుదల వలయాల గీతలకి అడ్డంగా ఉండాలి. వాటి వెంబడి కోస్తే నారి ఏదో ఒక రోజు పుల్లని రెండుగా చీల్చేస్తుంది.

ఎవరికి ఏది

25 నుంచి 30 పౌండ్ల వెదురు విల్లుతో నేర్చుకుంటున్న పిల్లలకైతే సన్న వెదురు పుల్లలు, పుంజు ఈకలో రెడీమేడ్ టర్కీ ఈకలో, ప్లాస్టిక్ నాక్, నిదానంగా ఆరే జిగురు. ఈ వయసులో బాణాలు నెలకి నాలుగు పోతాయి, వాటి మీద ప్రేమ పెంచుకోవద్దు.

40 పౌండ్ల పైన లాంగ్‌బో లేదా గట్టు మీంచి వేసే రికర్వ్, పోటీల ఆలోచన ఉంటే స్పైన్ కొలిచిన సెడార్ లేదా పైన్ పుల్లలు, ఒకే రెక్క టర్కీ ఈకలు 4 అంగుళాలవి. దీనికి జిగ్ కొనండి. ఇది ఖర్చు పెట్టాల్సిన చోటే, బట్టల క్లిప్పులతో చేసిన నా జిగ్ నన్ను రెండేళ్ళు వెనక్కి లాగింది.

చేయడమే సరదా, గురి తర్వాత అనేవాళ్ళు సాధన వెదురు, ఒలిచిన గూస్ ఈక, పూర్తిగా దారం చుట్టుతో మొదలుపెట్టండి. చలికాలంలో బొంగులు తెస్తే వేసవి సెలవులకి మొదటి బాణం వస్తుంది.

ఏది ఎంచుకున్నా, ఈకలు అతికించే ముందు ఉత్త పుల్లకి ములికి పెట్టి 8, 10 మీటర్ల దగ్గరి నుంచి మెత్తటి గురి మీదికి వేసి చూడండి. తోక ఎటు వాలి దిగిందో అదే స్పైన్ గుట్టు చెబుతుంది. కుడి చేత్తో లాగేవాళ్ళకి తోక కుడికి వాలితే గట్టి, ఎడమకి వాలితే మెత్త. ప్రతిసారీ వేసే ముందు పుల్లని చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచండి. చిటపటమంటే విరిచి పొయ్యిలో పడేయండి, ఒక్క బాణం కోసం చేతిని పణంగా పెట్టకండి.

తయారైన బాణాలు డబ్బాలో పెట్టేటప్పుడు కర్పూరం బిళ్ళలో, ఎండు వేపాకో వేయండి. ఒక వానాకాలం మరిచిపోయి వదిలేస్తే చిమ్మట పురుగు నా ఏడు బాణాలకి ఈనెలు మాత్రం మిగిల్చింది. నలిగి చప్పబడిన ఈకలకి మాత్రం భయపడక్కర్లేదు. టీ కాచే గిన్నె ఆవిరి మీద పది సెకన్లు తిప్పితే లేచి నిలబడతాయి. మా ఇంట్లో ఆ గిన్నెలో టీ పెట్టడం మానేశారు, అది వేరే సంగతి.